ఉగాది నాడు ఓడాం సరే, ఇజ్జో 27 టోర్నీల లెక్క ఒకసారి చూద్దామా

లాన్సింగ్_బాబాయ్
31 మార్చి 2025, ఉదయం 6:50

నిన్న మా ఇంట్లో ఉగాది. పొద్దున పచ్చడి, మధ్యాహ్నం పులిహోర, బొబ్బట్లు, సాయంత్రం ఐదింటికి అట్లాంటాలో ఆబర్న్‌తో మా మిషిగన్ స్టేట్ కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్. పద్నాలుగు మందిమి టీవీ ముందు చేరాం. పిల్లలు పట్టుబట్టల మీద ఆకుపచ్చ టీషర్టులు తొడుక్కున్నారు. 70-64తో పోయింది. ఆబర్న్ వాళ్ల జోనై బ్రూమ్ ఒక్కడే 25 పాయింట్లు, 14 రీబౌండ్లు. మధ్యలో మోచెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లిపోతే పైకి "పాపం" అన్నాను కానీ లోపల కాస్త సంతోషించిన మాట నిజం. కాసేపటికే తిరిగొచ్చి త్రీ (మూడు పాయింట్ల షాట్) కొట్టాడు. నా వాటా పచ్చడిలో వేపపువ్వు ఎక్కువ పడింది.

రాత్రి నిద్ర పట్టక కూర్చుని లెక్క వేశాను. టామ్ ఇజ్జో మిషిగన్ స్టేట్ హెడ్ కోచ్ అయింది 1995లో. మొదటి రెండేళ్లు ఎన్‌సీఏఏ టోర్నీకి (కాలేజీల జాతీయ టోర్నీ) పిలుపు రాలేదు. 1998లో వచ్చింది. అప్పటి నుంచి ఈ ఏడాది దాకా, కోవిడ్ వల్ల టోర్నీయే జరగని 2020 తప్ప, ఒక్కసారి కూడా తప్పలేదు. వరసగా 27. ఒకే కాలేజీ, ఒకే కోచ్. డ్యూక్‌లో కోచ్ కే (మైక్ షెషెఫ్‌స్కీ) చేసింది 24, దాన్ని 2023లోనే దాటేశాడు. 16 సార్లు స్వీట్ సిక్స్‌టీన్ (చివరి 16 టీములు), 11 సార్లు ఎలైట్ ఎయిట్ (చివరి 8), 8 సార్లు ఫైనల్ ఫోర్ (సెమీస్), ఒక టైటిల్.

మొన్న జనవరిలో ఆయనకు 70 నిండాయి. నేను ఎంఎస్‌కి ఇక్కడ దిగినప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది, నాకు జుట్టు ఉండేది. ఓడిన కోపం ఉదయానికి దిగిపోయింది. ఇవాళ మాత్రం పొగుడుదామని ఈ థ్రెడ్ తెరిచాను. తిట్టేవాళ్లు కూడా రండి, కాఫీ ఉంది.

---

ఆకుపచ్చ_2023
31 మార్చి, ఉదయం 7:15

బాబాయ్, ఒక్క మాట. అమెరికా తూర్పు టైమ్‌కి తిథి చూస్తే ఉగాది శనివారమే. మీరు దుర్ముహూర్తంలో పండగ చేసి టీమ్‌ని ఓడించారు.

---

లాన్సింగ్_బాబాయ్
31 మార్చి, ఉదయం 7:22

మీ పిన్నికి కాకినాడ కేలెండర్ తప్ప ఇంకోటి చెల్లదమ్మా. ఆవిడతో నువ్వే మాట్లాడు.

---

కూకట్‌పల్లి_క్రికెట్
31 మార్చి, ఉదయం 7:40

అన్నా, ఇక్కడ హైదరాబాద్‌లో మ్యాచ్ తెల్లవారుజామున రెండున్నరకి మొదలైంది. హైలైట్స్ మాత్రమే చూశా, బాస్కెట్‌బాల్ నాకు అంతంత మాత్రం. 27 ఏళ్లుగా ఆడుతూ ఒక్క కప్పు కొడితే దాన్ని పొగుడుతున్నారేంటి? మా చెన్నై సూపర్ కింగ్స్‌ని చూడండి. ఫ్లెమింగ్ 2009 నుంచి కోచ్. ఆడిన 15 సీజన్లలో 12 సార్లు ప్లేఆఫ్స్, 10 ఫైనల్స్, 5 కప్పులు. నిలకడ అంటే అదీ.

(అవును, హైదరాబాద్‌లో ఉండి చెన్నై ఫ్యాన్‌ని. దయచేసి దాని మీద చర్చ వద్దు.)

---

డ్రిల్‌సార్_శిష్యుడు
31 మార్చి, ఉదయం 8:30

తమ్ముడూ, ఐపీఎల్‌లో పది టీములు, పద్నాలుగు లీగ్ మ్యాచ్‌లు. నాలుగైదు ఓడినా ప్లేఆఫ్స్‌కి వెళ్లొచ్చు. మొదటి రెండు స్థానాల్లో ఉంటే అక్కడ ఒకటి ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది. ఇక్కడ కథ వేరు. కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో మూడు వందల అరవైకి పైగా కాలేజీలు. అందులో 68కే పిలుపు. ఆ తర్వాత ఒక్క మ్యాచ్ ఓడితే బస్సెక్కి ఇంటికి. కప్పు కావాలంటే మూడు వారాల్లో ఆరు గెలవాలి. ఫైనల్ ఫోర్‌కి నాలుగు. అవతల ఎవడో పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఆ ఒక్క రాత్రి ఏడు త్రీలు వేస్తే నీ ఏడాది కష్టం గోవిందా.

ఇంకోటి, టీమ్ ఎప్పుడూ ఒకటే ఉండదు. ధోనీని పదిహేనేళ్లు ఉంచుకోవచ్చు. కాలేజీ కుర్రాడు మహా అయితే నాలుగేళ్లు, మంచివాడైతే ఏడాదికే ఎన్‌బీఏకి. అంటే ఈ 27 టోర్నీల్లో ఆయన కనీసం ఆరేడు టీముల్ని మొదటి నుంచి కట్టుకున్నాడు. ఈ టీమ్‌లో ఆడిన జేస్ రిచర్డ్‌సన్ ఎవరనుకున్నావు? 2000లో కప్పు కొట్టిన టీమ్‌లోని జేసన్ రిచర్డ్‌సన్ కొడుకు. తండ్రికీ కొడుక్కీ ఒకటే మాస్టారు. ఇది మన ఊళ్లలో ఒకటో తరగతి పంతుళ్లకే సాధ్యం.

---

కూకట్‌పల్లి_క్రికెట్
31 మార్చి, ఉదయం 8:41

సరే సరే, ఒప్పుకున్నా. అయినా ఒక్క కప్పేనా?

---

ఆనార్బర్_అల్లుడు
31 మార్చి, ఉదయం 9:10

ఆ తమ్ముడు సరైన ప్రశ్నే అడిగాడు. నేను మిషిగన్ యూనివర్సిటీ వాణ్ని, మీకు పోటీవాణ్ని, కాబట్టి నా మాట ఉప్పు చల్లుకునే తినండి. కానీ లెక్కలు లెక్కలే.

2000 తర్వాత కప్పు లేదు. ఫైనల్ ఆడింది కూడా ఒక్క 2009లోనే. రెండో సీడ్‌గా (సీడ్ అంటే టోర్నీలో ఇచ్చే ర్యాంకు) ఉండి 2016లో పదిహేనో సీడ్ మిడిల్ టెనెసీ చేతిలో 90-81తో మొదటి మ్యాచ్‌లోనే ఔట్. ఆ ఏడాది దేశంలో సగం మంది బ్రాకెట్లలో (ఎవరు గెలుస్తారో ముందే ఊహించి రాసే చార్టులు) వీళ్లనే పైదాకా రాసుకున్నారు, నాతో సహా, సిగ్గు విడిచి చెప్తున్నా. 2018లో మూడో సీడ్, సొంత రాష్ట్రం డెట్రాయిట్‌లో మ్యాచ్, పదకొండో సీడ్ సిరక్యూస్ 55-53తో ఓడించింది. ఆ టీమ్‌లో ఎన్‌బీఏకి వెళ్లినవాళ్లు ఉన్నారు. 2021లో మెయిన్ డ్రా దాకా కూడా రాలేదు, దానికి ముందు జరిగే ఫస్ట్ ఫోర్‌లోనే యూసీఎల్ఏ ఓటీలో (అదనపు సమయంలో) పంపించేసింది.

"జనవరి, ఫిబ్రవరి, ఇజ్జో, ఏప్రిల్" అని మీవాళ్లు పాడుతుంటారు. చాలా మార్చిల్లో ఆ ఇజ్జో రెండో వారం దాకా కూడా లేడు.

---

లాన్సింగ్_బాబాయ్
31 మార్చి, ఉదయం 9:18

అల్లుడు గారూ, మొన్న శుక్రవారం అదే ఆబర్న్ చేతిలో 78-65తో ఓడింది ఎవరండీ? మేం ఆదివారం దాకా అయినా ఉన్నాం.

---

ఆనార్బర్_అల్లుడు
31 మార్చి, ఉదయం 9:20

అది వేరే థ్రెడ్ బాబాయ్ గారూ.

---

హార్ట్‌ఫర్డ్_అక్క
31 మార్చి, ఉదయం 10:05

నిలకడ గురించి మగవాళ్లు మాట్లాడుకుంటుంటే వినడానికి భలే ఉంది. "దాటేశాడు" అనే ముందు "పురుషుల టోర్నీలో" అని రాయండి బాబాయ్ గారూ. మా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) అమ్మాయిల కోచ్ జీనో ఆరియెమ్మా 1989 నుంచి ఒక్క టోర్నీ కూడా తప్పలేదు. 2008 నుంచి 2022 వరకు జరిగిన 14 టోర్నీల్లోనూ ఫైనల్ ఫోర్. టైటిళ్లు 11. ఇవాళ రాత్రి యూఎస్సీతో ఉంది, చూడండి.

ఇజ్జో అంటే నాకూ గౌరవమే. మా మగపిల్లల టీమ్ 2009లో ఆయన దెబ్బ తిన్నది కాబట్టి కొంచెం తక్కువ గౌరవం.

---

లాన్సింగ్_బాబాయ్
31 మార్చి, ఉదయం 10:12

తప్పు నాదే అక్కా. పై పోస్టు దిద్దడానికి ఈ సైట్ ఇచ్చే టైమ్ దాటిపోయింది, అలాగే ఉంచుతున్నా, అందరూ మీ పోస్టుతో కలిపి చదువుకోండి.

---

డ్రిల్‌సార్_శిష్యుడు
31 మార్చి, మధ్యాహ్నం 12:40

అల్లుడు గారి లెక్క కాదనను. కానీ లంచ్ టైమ్ దొరికింది కాబట్టి అసలు పని ఎక్కడ జరుగుతుందో కొంచెం వివరంగా రాస్తా. నేను ఫ్రిస్కోలో శనివారాలు పన్నెండేళ్ల పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తుంటాను, ఇది నా వ్యాధి.

ఈ టోర్నీ ఎలా నడుస్తుందో చూడండి. గురువారం ఆడితే శనివారం రెండో మ్యాచ్. శుక్రవారం ఆడితే ఆదివారం. మొదటి మ్యాచ్‌కి ప్రత్యర్థి ఎవరో నాలుగైదు రోజుల ముందే తెలుసు. రెండోదానికి? రాత్రి పదకొండుకి ఇంకో మ్యాచ్ ముగిసేదాకా ఎవరితోనో తెలియదు. మధ్యలో ఉన్నది ఒక్క రోజు. కుర్రాళ్ల కాళ్లు పట్టేసి ఉంటాయి, గట్టిగా ప్రాక్టీస్ చేయించే వీలు లేదు. కోర్టు దొరికేది కూడా కాసేపే.

అక్కడ ఇజ్జో ఏం చేస్తాడంటే, హోటల్లో బాల్‌రూమ్ తీసుకుని కార్పెట్ మీద టేపుతో కోర్టు గీతలు వేయిస్తాడు. మనవాళ్లు పెళ్లి రిసెప్షన్లు పెట్టుకునే అలాంటి హాలు. అందులో ఆటగాళ్లు నడుస్తూ, పరిగెత్తకుండా, అవతలి టీమ్ వేసే ప్లేలు ఒక్కొక్కటీ చూసుకుంటారు. వాడు ఇటు స్క్రీన్ పెడితే నువ్వు అటు రా, వాడు ఎడమకి తిరిగితే చెయ్యి ఇలా పెట్టు. అసిస్టెంట్లు రాబోయే రెండు టీముల వీడియోలనూ ముందే పంచుకుని చూసి పెడతారు, ఓడిన టీమ్ నోట్సు చెత్తబుట్టలోకి వెళ్తుంది. వీడియో రూమ్‌లో ఉండే కుర్రాళ్లకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇది చెప్పడానికి తేలిక. ఒక్క రోజులో నేర్చుకోవాలంటే కుర్రాళ్లకి అప్పటికే భాష తెలిసి ఉండాలి. నాలుగు నెలలు రోజూ అదే పద్ధతిలో ఆడినవాడికే "ఇవాళ మూడో నంబర్ ప్లే బదులు నాలుగోది" అంటే అర్థమవుతుంది.

2015 గుర్తుందా? ఏడో సీడ్. ఆ ఏడాది టీమ్‌లో చెప్పుకోదగ్గ స్టార్ లేడు, పాయింట్ గార్డ్ ట్రావిస్ ట్రైస్ నాలుగో ఏడాది కుర్రాడు. ఆదివారం మ్యాచ్‌లో రెండో సీడ్ వర్జీనియాని 60-54తో కొట్టారు. తర్వాతి వారం మూడో సీడ్ ఓక్లహోమా, దాని తర్వాత నాలుగో సీడ్ లూయిస్‌విల్‌ని ఓటీలో 76-70. ఫైనల్ ఫోర్‌లో డ్యూక్ ఇరవై తేడాతో ఉతికేసింది, అది వేరే సంగతి. 2023లో మళ్లీ ఏడో సీడ్‌గానే మార్కెట్ (Marquette) అనే కాలేజీని, రెండో సీడ్‌ని, ఆదివారం నాడే 69-60తో పంపించారు.

రెండో విషయం రీబౌండ్లు. పెద్ద స్టేడియంలో, టెన్షన్‌లో, షాట్లు పడని రోజు ప్రతి టీమ్‌కీ వస్తుంది. పడని బంతిని ఎవరు పట్టుకుంటారన్నది మాత్రం అలవాటు. ఆయన "వార్ డ్రిల్" అని ఒకటి చేయిస్తాడు. బంతి రింగుకి తగిలి పైకి లేస్తుంది, కింద ఐదుగురు ఐదుగురు తోసుకుని పట్టుకోవాలి, ఫౌల్ విజిల్ ఉండదు. ఒకప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్లు, భుజాల ప్యాడ్లు తొడిగించి మరీ చేయించాడు. మా పిల్లల తల్లులు ఇది చదివితే నన్ను శనివారం రానివ్వరు.

మూడోది నవంబర్. గెలుపు ఖాయమనుకునే చిన్న టీముల్ని పిలిచి రికార్డు పెంచుకునే కోచ్‌లు చాలామంది. ఈయన నవంబర్లోనే డ్యూక్, కెంటకీ, కాన్సస్‌లతో పెట్టుకుంటాడు. 2011లో యుద్ధనౌక డెక్కు మీద నార్త్ కెరొలైనాతో, 2022లో మళ్లీ ఇంకో యుద్ధనౌక మీద గొంజాగాతో. రెండూ ఓడాడు. డిసెంబర్‌కి నాలుగు ఓటములు పడి ఫ్యాన్స్ "ఈసారి ముసలాయన పని అయిపోయింది" అంటారు. ప్రతి ఏడాదీ అంటారు. నేనూ అన్నాను.

---

కూకట్‌పల్లి_క్రికెట్
31 మార్చి, మధ్యాహ్నం 12:58

కార్పెట్ మీద టేపు! సార్, ఇది నేను మా గల్లీ టీమ్‌కి వాడతా. టెర్రస్ ఉంది.

---

నోవై_నాన్న
31 మార్చి, సాయంత్రం 6:30

ఆఫీసు నుంచి వచ్చి చదివాను. శిష్యుడి గారి పోస్టు భద్రపరుచుకున్నాను. నాకు ఆట అంత లోతుగా తెలియదు, 2009 గురించి మాత్రం చెప్పగలను.

అప్పుడు నేను డెట్రాయిట్ శివార్లలో ఒక కార్ల విడిభాగాల కంపెనీకి కాంట్రాక్టరుగా పనిచేస్తున్నాను. పేరు అనవసరం. ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం బ్యాడ్జి ఇచ్చి వెళ్లమన్నారు. ఇప్పుడున్న అరవై రోజుల గడువు అప్పట్లో లేదు. హెచ్‌వన్ మీద ఉద్యోగం పోతే ఆ రోజు నుంచే గుండె దడ. ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం, అందులో ముగ్గురికి పని లేదు. ఇళ్లకి ఫోన్ చేసి "అంతా బాగానే ఉంది అమ్మా" అని ముగ్గురం ఒకే గొంతుతో చెప్పేవాళ్లం.

ఆ ఏడాది ఫైనల్ ఫోర్ డెట్రాయిట్ ఫోర్డ్ ఫీల్డ్‌లో. రాష్ట్రం మొత్తం క్రిస్లర్ మూతపడుతుందా, జీఎం మూతపడుతుందా అని చూస్తోంది. నిజంగానే ఏప్రిల్ ఆఖర్న క్రిస్లర్, జూన్ ఒకటిన జీఎం దివాలా పిటిషన్ వేశాయి. ఆ గాలిలో ఇజ్జో టీమ్ ఇండియానాపొలిస్‌లో మొదటి సీడ్ లూయిస్‌విల్‌ని ఓడించి తమ క్యాంపస్‌కి తొంభై మైళ్ల దూరంలోని డెట్రాయిట్‌కి ఆడటానికి వచ్చింది. సెమీఫైనల్లో ఇంకో మొదటి సీడ్ యూకాన్‌ని 82-73తో (అక్కా, క్షమించండి) ఓడించింది. మాకు బాస్కెట్‌బాల్ రూల్స్ కూడా సరిగా రావు. పక్కింటి తెల్లాయన, ఆయనకీ ఉద్యోగం పోయింది, బీరు పట్టుకుని మా తలుపు కొట్టాడు, "మీ టీవీ పెద్దది కదా" అని. కింద కూర్చుని ఆయనే మాకు రూల్స్ చెప్పాడు.

ఫైనల్లో నార్త్ కెరొలైనా మొదటి పది నిమిషాల్లోనే మ్యాచ్ లాగేసుకుంది. 89-72. డెబ్బై రెండు వేల మంది పైచిలుకు జనం, అందులో ఎక్కువ మంది ఆకుపచ్చే. ఓడాక కూడా లేచి చప్పట్లు కొట్టారు. పక్కింటాయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు మే నెలలో ఒహాయోలో పని దొరికింది, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చాను. నా కొడుక్కి ఇప్పుడు పదకొండేళ్లు, గోడ మీద ఇజ్జో ఫొటో వాడు పెట్టుకున్నది కాదు, నేను పెట్టింది.

---

ఆనార్బర్_అల్లుడు
31 మార్చి, సాయంత్రం 6:52

నాన్న గారూ, మీ పోస్టుకి జవాబు లేదు. ఆ శనివారం మావాళ్లు కూడా ఆకుపచ్చకే అరిచారు, బయటికి చెప్పరు.

---

ఆకుపచ్చ_2023
31 మార్చి, రాత్రి 8:20

నా పేరులో 2023 ఎందుకని చాలామంది అడిగారు. గ్రాడ్యుయేషన్ ఏడాది అనుకుంటారు. అదీ నిజమే.

ఆ ఏడాది ఫిబ్రవరి 13 రాత్రి క్యాంపస్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. నేను ల్యాబ్‌లో టేబుల్ కింద నాలుగు గంటలు ఉన్నాను. ఫోన్‌లో అమ్మ, నాన్న, విజయవాడ బాబాయ్, పెద్దమ్మ, అందరూ. చార్జింగ్ ఆరు శాతం. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయను.

రెండ్రోజులకి క్యాంపస్‌లో ద రాక్ అనే బండ దగ్గర కొవ్వొత్తులతో చేరాం. మాట్లాడినవాళ్లలో ఇజ్జో ఒకరు. రాజకీయం లేదు, ఉపన్యాసం లేదు. ఏడవడం తప్పు కాదు, ఒంటరిగా ఉండొద్దు, పక్కవాడిని పట్టించుకోండి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆయన గొంతు మామూలుగానే బొంగురు, ఆ రోజు ఇంకా బొంగురుగా ఉంది. నేను అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. మా గైడ్ కంటే ముందు నాకు ధైర్యం చెప్పిన పెద్దాయన ఆయనే.

తర్వాత మొదటి మ్యాచ్ ఆనార్బర్‌లో, ఓడిపోయాం. అక్కడి స్టూడెంట్లు మా కోసం చేసినవి మర్చిపోను, అల్లుడు గారూ మీకు థాంక్స్. మా సొంత స్టేడియం బ్రెస్లిన్‌లో మొదటి మ్యాచ్ ఇండియానాతో. టికెట్ కొనుక్కుని వెళ్లాను, భయంతోనే, తలుపు ఎటు ఉందో చూసుకుంటూ. గెలిచాం. నెల తిరక్కుండా మార్కెట్ మీద గెలిచి స్వీట్ సిక్స్‌టీన్. న్యూయార్క్‌లో కాన్సస్ స్టేట్ చేతిలో ఓటీలో 98-93తో ఓడినప్పుడు నేను ఏడ్చాను, చాలా రోజుల తర్వాత మామూలు విషయానికి ఏడ్చాను.

కప్పుల లెక్కలో ఇది రాదు, తెలుసు.

---

హార్ట్‌ఫర్డ్_అక్క
31 మార్చి, రాత్రి 8:31

తల్లీ, నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావు? బాగున్నావా?

---

ఆకుపచ్చ_2023
31 మార్చి, రాత్రి 8:34

గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఉద్యోగం అక్కా. బాగున్నాను. శుక్రవారాలు మ్యాచ్, శనివారాలు దోసెలు.

---

వేపచెట్టు_వెంకట్
1 ఏప్రిల్, ఉదయం 7:05

అందరూ దండలు వేస్తున్నారు, నేను ఒక్క చెప్పు వేస్తాను. 2019 మొదటి మ్యాచ్, బ్రాడ్లీతో. టైమౌట్‌లో ఆరన్ హెన్రీ అనే ఫస్టియర్ కుర్రాడి మీదకి వేలు చూపిస్తూ దూసుకెళ్లాడు ఇజ్జో. సొంత ఆటగాళ్లే మధ్యలో అడ్డం పడి ఆపారు. దేశమంతా టీవీలో చూసింది. అది కోచింగా? మన దగ్గర బెత్తం పుచ్చుకున్న మాస్టార్లని ఇప్పుడు వద్దనుకుంటున్నాం కదా, అదే పని తెల్లాయన చేస్తే "ప్రేమ" అంటారేంటి?

---

డ్రిల్‌సార్_శిష్యుడు
1 ఏప్రిల్, ఉదయం 8:15

మంచి ప్రశ్న. ఆ హెన్రీయే తర్వాతి వారం ఎల్ఎస్‌యూ మీద 20 పాయింట్లు వేశాడు, ఆ తర్వాత రెండు రోజులకి జయన్ విలియమ్సన్ ఉన్న డ్యూక్‌ని 68-67తో ఓడించి ఫైనల్ ఫోర్‌కి వెళ్లారు. ఆటగాళ్లు ఇప్పటికీ ఆయన పక్షమే మాట్లాడతారు. కానీ "ఫలితం వచ్చింది కాబట్టి తిట్టడం సరైనదే" అని నేను అనను. మా డ్రిల్ సార్ కొట్టేవాడు. ఆయన వల్ల నాకు ఆట వచ్చింది, నా పక్క కుర్రాడు అదే ఆయన వల్ల ఆట మానేశాడు. మానేసినవాడిని ఎవరూ ఇంటర్వ్యూ చేయరు.

నా విషయానికొస్తే ఇంటర్‌లో చేరగానే బంతి అటకెక్కింది, ఆ కాలేజీలో గ్రౌండే లేదు, ఉన్న ఖాళీ స్థలంలో సైకిల్ స్టాండ్. నన్ను తిట్టడానికైనా ఒక కోచ్ ఉండుంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇది వాదన కాదు, కడుపుమంట.

---

వేపచెట్టు_వెంకట్
1 ఏప్రిల్, ఉదయం 8:40

కడుపుమంటకి జవాబు లేదు గానీ, నా మాట మార్చుకోను. కెమెరా ముందు పంతొమ్మిదేళ్ల పిల్లాడిని అలా చేయకూడదు.

---

లాన్సింగ్_బాబాయ్
1 ఏప్రిల్, ఉదయం 9:30

వెంకట్ గారూ, ఆ సీను చూసి మా ఆవిడ కూడా టీవీ కట్టేసింది. మీరు ఒంటరి కాదు.

నేను ఇంకో సంగతి రాద్దామనుకున్నాను. ఆయన పుట్టింది ఐరన్ మౌంటెన్‌లో. మిషిగన్ ఉత్తరాన నీళ్లకి అవతల ఉండే ముక్క, ఇక్కడ అందరూ "యూపీ" అంటారు. మన ఉత్తరప్రదేశ్ కాదు, ఇక్కడ మే నెలలో కూడా మంచు పడుతుంది. పేరుకి తగ్గట్టే ఒకప్పటి ఇనుప గనుల ఊరు. వాళ్ల కుటుంబానికి షూ రిపేరు దుకాణం. అక్కడే నార్తర్న్ మిషిగన్‌లో చదివాడు, స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరి ఆడాడు. తర్వాత ఇష్పెమింగ్ అనే చిన్న ఊళ్లో హైస్కూల్ కోచ్. 1983లో జడ్ హీత్‌కోట్ దగ్గర అసిస్టెంటుగా వచ్చాడు. 1979లో మ్యాజిక్ జాన్సన్‌తో కప్పు కొట్టింది ఆ హీత్‌కోటే. పన్నెండేళ్లు శిష్యరికం. 2010లో క్లీవ్‌లాండ్ కావలియర్స్ పిలిచింది, ఎన్‌బీఏ డబ్బు. తొమ్మిది రోజులు ఊరంతా ఊపిరి బిగబట్టింది. వెళ్లలేదు.

1999లో డ్యూక్ చేతిలో సెమీస్‌లో ఓడిన రాత్రి ఈస్ట్ లాన్సింగ్‌లో గొడవలు, మంటలు, బాష్పవాయువు. కొత్తగా వచ్చిన మేం నలుగురం తలుపు వేసుకుని ఉప్మా తిన్నాం. ఏడాది తర్వాత, 2000 ఏప్రిల్ 3న, ఇండియానాపొలిస్‌లో ఫ్లోరిడాతో ఫైనల్. ఫ్లింట్ ఊరి కుర్రాళ్లు ముగ్గురు, మటీన్ క్లీవ్స్, మోరిస్ పీటర్సన్, చార్లీ బెల్. క్లీవ్స్ రెండో సగంలో చీలమండ తిరిగి కింద పడ్డాడు. కుంటుకుంటూ లాకర్ రూమ్‌కి, కుంటుకుంటూనే వెనక్కి. 89-76. ఆ టోర్నీలో ఆరు మ్యాచ్‌లూ పది పాయింట్లకి పైనే తేడాతో గెలిచారు. అప్పుడు అనుకున్నాం, ఇంకో రెండు మూడేళ్లలో మళ్లీ వస్తుందిలే అని.

పాతికేళ్లయింది. మా రెండు కాలేజీలూ ఆడే లీగ్ బిగ్ టెన్ నుంచి ఇంకెవరూ కూడా కొట్టలేదు, అల్లుడు గారికి మనవి. మీ అప్పటి కోచ్ బీలైన్ గారు 2013, 2018 రెండు ఫైనల్స్ ఆడి రెండూ ఓడారు.

---

ఆనార్బర్_అల్లుడు
1 ఏప్రిల్, ఉదయం 9:44

నొప్పి ఉన్నచోటే నొక్కుతున్నారు.

సరే, ఒకటి ఒప్పుకుంటా. 2010. రెండో రౌండ్‌లో మేరీలాండ్‌తో మ్యాచ్‌లో మీ మెయిన్ ఆటగాడు కాలిన్ లూకస్ మడమ నరం తెగి వెళ్లిపోయాడు. చివరి సెకన్లలో ఒక పాయింట్ వెనక. డ్రేమండ్ గ్రీన్ బంతి తెచ్చి ఇస్తే కోరీ లూషియస్ బజర్‌కి త్రీ. 85-83. అప్పుడు నేను డార్మ్‌లో రిమోట్ విసిరేశాను. లూకస్ లేకుండానే నార్తర్న్ అయోవాని ఓడించి, టెనెసీని ఒక్క పాయింట్ తేడాతో గెలిచి ఫైనల్ ఫోర్‌కి వెళ్లారు. బట్లర్ చేతిలో 52-50. మెయిన్ గార్డ్ లేకుండా అంత దూరం తీసుకెళ్లడం అదృష్టం కాదు. అంతే, ఇంకేం అనను.

---

హార్ట్‌ఫర్డ్_అక్క
7 ఏప్రిల్, ఉదయం 6:00

థ్రెడ్ పైకి లాగుతున్నందుకు క్షమించాలి. నిన్న సౌత్ కెరొలైనా మీద 82-59. పన్నెండు.

శుభోదయం.

---

కూకట్‌పల్లి_క్రికెట్
7 ఏప్రిల్, ఉదయం 6:20

అక్కా, పన్నెండు కప్పులా?! ఫ్లెమింగ్ పేరు వెనక్కి తీసుకుంటున్నా.

---

లాన్సింగ్_బాబాయ్
8 ఏప్రిల్, ఉదయం 7:10

అభినందనలు అక్కా. నిన్న రాత్రి మగపిల్లల ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ని ఓడించింది. మేం 2000లో ఓడించిన ఫ్లోరిడాకి ఇప్పుడు మూడు కప్పులు. మాకు అప్పుడూ ఇప్పుడూ మొత్తం రెండే. మా ఆవిడ "ఇంకా ఆ థ్రెడ్డేనా" అంటోంది.

---

కొత్త_అడ్మిట్
8 ఏప్రిల్, మధ్యాహ్నం 1:15

నమస్తే అండి. మాది రాజమండ్రి. ఆగస్టులో ఎంఎస్‌కి ఈస్ట్ లాన్సింగ్ వస్తున్నాను. థ్రెడ్ మొత్తం చదివాను. ఇజ్జోన్ అని స్టూడెంట్ సెక్షన్ ఉంటుందట కదా, అందులో సీటు ఎలా? ఇప్పటిదాకా ఒక్క బాస్కెట్‌బాల్ మ్యాచ్ కూడా చూడలేదు.

---

ఆకుపచ్చ_2023
8 ఏప్రిల్, మధ్యాహ్నం 1:40

చూడకపోయినా పర్లేదు, నేనూ అలాగే వెళ్లాను. సీజన్ టికెట్లు పెట్టిన రోజే కొనేయ్, ఆలస్యం చేయకు. మైదానంలో టెంట్లు వేసుకుని పడుకునే క్యాంపౌట్ పెడితే తప్పకుండా వెళ్లు, ఇజ్జో వచ్చి పలకరిస్తుంటాడు. దుప్పటి మన ఇంటి నుంచే తెచ్చుకో, ఇక్కడివి పల్చగా ఉంటాయి.

---

లాన్సింగ్_బాబాయ్
8 ఏప్రిల్, మధ్యాహ్నం 1:52

బూట్లు మాత్రం అక్కడ కొనకు బాబూ, రాజమండ్రి బూట్లు ఇక్కడి జనవరికి ఆగవు. దిగాక మెసేజ్ పెట్టు, ఎయిర్‌పోర్టుకి నేనొస్తా. పప్పు, ఆవకాయ మా ఇంట్లో ఉన్నాయి.

---

కొత్త_అడ్మిట్
8 ఏప్రిల్, మధ్యాహ్నం 1:55

థాంక్యూ బాబాయ్ గారూ. రూల్స్ ఎవరైనా చెప్తారా?

---

నోవై_నాన్న
8 ఏప్రిల్, మధ్యాహ్నం 2:03

మా వాడు చెప్తాడు. పదకొండేళ్లు, గంటకి ఒక చాక్లెట్.